అమ్మీకి తెలుసు

జూలై 11, శనివారం

ఫాజూ,

ఈ నోట్‌బుక్ నీదే. అట్ట మీద సోషల్ అని ఉంది. ముందు పద్నాలుగు పేజీలు నీ రాత, ఆ తరువాత అంతా తెల్లకాగితం. నేను చదివింది అయిదో తరగతి. అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీలే, ఎవరు చూడొచ్చారు. నాకోసం నేను రాసుకుంటున్నాను. నోటితో అంటే ఎవరో ఒకరు ఓదార్చడానికి వస్తారు. ఓదార్పు వింటే నాకు వాంతి వస్తోంది.

ఇవాళ మీ బడి వాళ్ళు వచ్చారు. హెడ్మాస్టరు, మీ గైడ్స్ మేడమ్ రోహిణి కుర్చీల్లో కూర్చున్నారు. స్కౌట్ మాస్టారు నాగార్జున సార్ గుమ్మం బయటే నిలబడ్డాడు, చెప్పులు విప్పాలో వద్దో తెలియనట్టు. యాపిల్ పళ్ళు తెచ్చారు. ఒక్కో పండుకి ఒక స్టిక్కరు, ఒక తెల్ల వల తొడుగు. బిడ్డ పోయిన ఇంటికి పళ్ళకు చొక్కాలు తొడిగి తీసుకొచ్చారు.

హెడ్మాస్టరు కాగితం తీసి చదివాడు. ఫిబ్రవరి అయిదో తారీకున నేపాల్ కాంప్‌లో కొండ నడకకు వెళ్ళినప్పుడు విద్యార్థిని ఫాయిజా, ఉపాధ్యాయులు వద్దన్నా వినకుండా వరుస విడిచి, ఫొటో కోసం అంచు దాకా వెళ్ళి, కాలు జారి లోయలో పడిందట. కింద తల్లిదండ్రుల సంతకం కోసం గీత గీసి ఉంది.

"ఫైల్లో పెట్టుకోటానికేనమ్మా. పైనుంచి అడుగుతున్నారు," అన్నాడు.

"నా బిడ్డ దగ్గర ఫోనే లేదు గద సార్. మేడమ్ ఫోన్లోంచేగా నాతో మాట్లాడింది. ఫొటో ఎట్టా తీసుకుంటది?"

"ఇంకో పిల్ల తీస్తందంట."

"ఏ పిల్ల?"

ఆయన కాగితం ఇంకొంచెం నా వైపు జరిపాడు. రోహిణి మేడమ్ తల ఎత్తలేదు. నేనే ఆమె కళ్ళలోకి చూద్దామని వంగాను. ఆమె చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మా ఇల్లు కంపు కొడుతుందో, ఏడుస్తుందో తెలియలేదు. రెండూ నాకు అసహ్యమే.

వాళ్ళు వెళ్ళాక మీ అబ్బా అన్నాడు. "పెట్టేద్దాం హజ్రా. పెడితే ఫాజూ వచ్చిద్దా, పెట్టకపోతే వచ్చిద్దా."

"నా బిడ్డని తిరుగుబోతుదని రాస్తే నేను సంతకం పెట్టాలా?"

ఆయన లేచాడు. షాపుకి పోయి మోటారుకి రాగితీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు. చీకటి పడేదాకా రాలేదు.

జూలై 12

పళ్ళు అలాగే ఉంచాను. కుళ్ళనీ.

జూలై 16

అయిదు నెలలు దాటింది. అన్నం ఉడుకుతుంటే ఆ వాసనకి కడుపులో తిప్పుతోంది. పాలు కాస్తే తిప్పుతోంది. సనాకి జడ వేస్తుంటే నూనె వాసనకీ తిప్పుతోంది. దానికి పన్నెండేళ్ళు, పాపం కదలకుండా కూర్చుంటుంది. నువ్వయితే కోతిలా తిరిగేదానివి.

పక్కింటి ఆరోగ్యమ్మ అక్క వచ్చి గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"ఏమే హజ్రా, ఎన్నాళ్ళే ఇట్టా? ఎముకలు తేలినయ్. నీ మొహం చూసి మా కోళ్ళు గుడ్లు పెట్టటం మానేసినయ్."

"సంతకం పెట్టమంటన్నారక్కా. పిల్లే మాట వినకుండా పోయిందని."

"పెట్టమాక. నువ్వు చూశావా, వాళ్ళు చూశారా? నీ కళ్ళతో నువ్వు పోయి చూడు. ఆ నేపాలేమన్నా అమెరికానా? రైలెక్కితే వచ్చుద్ది."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకే రోతగా వినిపించింది. కానీ ఆ మాట తలలో నిలబడిపోయింది.

జూలై 17

అక్కడ తిండి బాగుండి ఉండదు. అదే అయ్యుంటుంది. పాడైన కూరలు పెట్టి ఉంటారు. నీకు కడుపు నొప్పి వచ్చి ఉంటుంది, ఎవరికీ చెప్పుకోలేక పోయి ఉంటావు, కళ్ళు తిరిగి ఉంటాయి. వంద మందికి ఒకే డేగిసాలో వండితే పురుగో బల్లో పడకుండా ఉంటుందా.

ఆఖరిసారి ఫోన్లో నేను జాగ్రత్త అని చెప్పాను. అంతే చెప్పాను.

జూలై 24

మక్బూల్ భాయ్ మిర్చి లారీలు గోరఖ్‌పూర్ దాకా వెళ్తాయి. ఆయన దారి కాగితం మీద రాసిచ్చాడు. విజయవాడలో గోరఖ్‌పూర్ రైలు. అక్కడినుంచి బస్సులో సునౌలి. అక్కడ కాలినడకన హద్దు దాటితే నేపాల్. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. పొద్దున దాటి, కాంప్ చూసి, సాయంత్రానికి ఇటు వచ్చేయొచ్చు. మన ఉర్దూ వాళ్ళకి అర్థమవుతుంది.

"నేను రాలేను హజ్రా," అన్నాడు మీ అబ్బా. "ఆ లోయ నేను చూడలేను."

"మిమ్మల్ని రమ్మని ఎవురన్నారు?"

అలా అని ఉండకూడదు. ఆయన నాకు దారికి చపాతీలు చుట్టి ఇచ్చాడు. పెళ్ళయిన పదిహేడేళ్ళలో చపాతీ చేయడం అదే మొదలు. దేశాల పటాల్లా ఉన్నాయి.

జాగ్రత్త అనే చెప్పాను. అంతే.

ఆగస్టు 3, రైలు

ఎదురు సీటు ఆవిడ మామిడికాయ పచ్చడి విప్పింది. "ఒక్కదానివే ఎక్కడికమ్మా?" అంది. "బిడ్డ దగ్గరికి," అన్నాను. "అదృష్టవంతురాలివి," అంది. తలుపు దగ్గరికి పోయి కక్కుకున్నాను.

ఆగస్టు 5, బుధవారం, సునౌలి

ఒక్క రోజులో అయిపోయింది. అన్నీ వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను. నన్ను నేను ఎరుగుదును.

పొద్దున్నే హద్దు దాటాను. కార్డు చూపించాను, ఆ పోలీసు సరిగా చూడనైనా లేదు. మన బజారు దాటి శివారుకి పోయినట్టే ఉంది. ఇంత సులువుగా వెళ్ళగలిగే చోటికి ఆరు నెలలు వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

బుట్వల్ దాకా బస్సు. అక్కడినుంచి జీపు. పక్కన ఒకాయన మేకను ఒళ్ళో పెట్టుకున్నాడు. వాన. కొండదారి పొడవునా బురద, పేడ, తడిసిన బట్టల వాసన. పదింటికల్లా కాంప్ గేటు ముందు దించారు.

లోపల వేరే బడి పిల్లలు ఉన్నారు. మెడలో రంగు రుమాళ్ళు. నన్ను చూడగానే ఎవరో విజిల్ వేశారు, పిల్లలంతా వరుసలో నిలబడి నాకు చప్పట్లు కొట్టారు. మామూలు చప్పట్లు కాదు, లెక్క ప్రకారం, మూడు మూడు మూడు. చుట్టం వస్తే అలా కొట్టడం వాళ్ళ పద్ధతట. నువ్వు బడిలో గైడ్స్‌లో నేర్చుకుని ఇంట్లో సనాకి కొట్టి చూపించేదానివి. పళ్ళికిలించి కొడుతున్నారు. ఒక్కొక్కరి నోటిమీద చెయ్యి పెట్టి మూయాలనిపించింది.

కాంప్ పెద్దాయన ముసలాయన. మోకాళ్ళ పైకి నిక్కరు. నాకు ఎడమ చెయ్యి చాచాడు. నేను చాదర్‌లోకి చేతులు లాక్కున్నాను.

"మా పద్ధతమ్మా," అన్నాడు. "గుండెకు దగ్గర చెయ్యి అని."

కడుక్కునే చెయ్యి, అనుకున్నాను.

"నేను ఫాయిజా తల్లిని."

ఆయన చెయ్యి గాలిలో ఉండిపోయింది. తరువాత రెండు చేతులూ జోడించాడు. దారి చూపిస్తానన్నాడు. "ముందు వంటిల్లు చూడాలి," అన్నాను.

వంటిల్లు చూశాను. డేగిసాలు తోమి బోర్లించి ఉన్నాయి. పప్పు మూత తీసి వాసన చూశాను. గోధుమపిండి డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. పురుగు లేదు. కూరగాయల బుట్ట కుమ్మరించాను. కుళ్ళినది ఒక్కటీ లేదు. రైల్లో రెండు రోజులు నేను ఊహించుకున్న మురికి అక్కడ లేదు. పురుగు దొరకలేదని కోపం వచ్చింది నాకు. ఎంత రోత మనిషినో చూడు.

వంటావిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ ఉంది. యాభై ఏళ్ళుంటాయి. ముక్కుకు పెద్ద బులాకీ.

"ఫాయిజా వాళ్ళమ్మవి కదూ. ముక్కు అదే," అంది.

"నా బిడ్డకి ఏం పెట్టావ్?" అని మీదికి పోయాను.

"పెట్టింది తింటే కదా అక్కా."

ఆమె పీట వేసింది. నేను కూర్చోలేదు. ఆమె కూర్చుని చెప్పింది.

"మొదటి రెండు రోజులు బాగా తింది. మూడో రోజునుంచి తెల్లారకముందే ఇక్కడికి వచ్చేది. నేను నాలుగింటికి పొయ్యి వెలిగిస్తాను. ఆంటీ, రెండు రొట్టెలున్నాయా అనేది. తిని, నీళ్ళు తాగి, మేడమ్‌కి చెప్పొద్దని వెళ్ళిపోయేది. మధ్యాహ్నం అందరితో పాటు పళ్ళెం పట్టుకుని నిలబడేది. అన్నం పెట్టించుకునేది. ఆ మూల కూర్చుని పక్క పిల్లలకి పంచేసేది. ఖాళీ పళ్ళెం కడిగి బోర్లించేది. ఎవరికీ అనుమానం రాదు."

"నీకొచ్చిందిగా. నువ్వు అడగలా?"

"అడిగాను. ఉపవాసమా తల్లీ, రంజాన్ ఇంకా రాలేదు కదా అన్నాను. సిగ్గుపడింది. పోయినేడు మిగిలినవి ఆంటీ అంది. నాకు తెలుసక్కా, ఊళ్ళో మీవాళ్ళ ఇళ్ళున్నాయి. ఆడపిల్లలకి ఆ నాలుగైదు రోజులు ఉండకూడదు, తరువాత ఉండి తీర్చుకోవాలి. ఖజా అంటారు. పైగా మగ మాస్టర్ల ముందు ఆ సంగతి ఎలా చెప్పుకుంటుంది? మా ఆడవాళ్ళమూ నీళ్ళు ముట్టకుండా ఉపవాసాలుంటాం. ఈ కొండలెక్కేటప్పుడు ఎందుకమ్మా, ఇంటికెళ్ళాక ఉండు అన్నాను. ఏమందో తెలుసా?"

నేను అడగలేదు. ఆమె చెప్పింది.

"అమ్మీకి తెలుసు అంది."

బయట పిల్లలు మళ్ళీ మూడు మూడు మూడు కొడుతున్నారు.

"తల్లికి తెలిసినప్పుడు చెప్పడానికి నేనెవరిని? ఆ రొట్టెలు నా చేత్తోనే ఇచ్చాను. అప్పటినుంచి నాకు నిద్ర లేదు." ఆమె నా మొహంలోకి చూసింది. "నీకు తెలుసా అక్కా?"

"తెలియదు," అన్నాను.

పెద్దాయన దారి చూపించాడు. అంత ఇరుకు దారేమీ కాదు. ఆ రోజు అక్కడ రాసిన రిజిస్టరు కూడా చూపించాడు. నువ్వు వరుసలో నాలుగోదానివట. కళ్ళు తిరుగుతున్నాయన్నావట. మేడమ్ వెనక్కి తిరిగి, తిన్నావా అని అడిగితే తిన్నానన్నావట. చెట్టు కొమ్మ పట్టుకోబోయావట. అందలేదట. వరుస విడవలేదు. ఫొటో లేదు. కింద రోహిణి మేడమ్ సంతకం ఉంది, ఆ రోజు తారీకుతో. నిజం అక్కడ రాసి, అబద్ధం మా ఇంటికి తెచ్చింది. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

పెద్దాయన ఆ పేజీకి జిరాక్స్ ఇచ్చాడు. అన్నం తినమన్నారు. తెల్లటి అన్నం, పప్పు, ఆవాకు కూర. నేను వద్దన్నాను. మీ కాంప్‌లో మెతుకు ముట్టనని గట్టిగా, అందరికీ వినబడేట్టు అన్నాను. వంటావిడ తల దించుకుంది. ఆమెను దోషిని చేసి వచ్చాను.

జీపు కోసం నిలబడితే కాలికి జలగ పట్టింది. లాగలేదు. అది లావెక్కి, నల్లబడి, తనంతట తానే రాలి పడేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు 6

తెలియదు అన్నాను. ఆమె మొహం మీద తెలియదు అన్నాను.

ఆగస్టు 9, ఆదివారం, ఇల్లు

జిరాక్స్ కాగితం చూసి మీ అబ్బా ఏడ్చాడు. తరువాత లేచి నిలబడ్డాడు. "ఇది చాలు. ఒక్కొక్కణ్ణీ బజారుకీడుస్తా. తిన్నాననంగానే నమ్మేసిద్దా, మేడమ్మేనా అది?" ఆరోగ్యమ్మ అక్క గోడ మీదనుంచే వీధంతా వినేట్టు కేకేసింది. "గెలిచావే హజ్రా!"

ఒకరు టీ తెచ్చారు. ఒకరు నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. సింహంలాంటి తల్లి అన్నారు. ముద్దు పెట్టిన చోటు సబ్బుతో కడిగాను. మూడుసార్లు కడిగాను.

ఇప్పుడు రాస్తాను. రాయకపోతే ఈ కంపు పోదు.

ఫిబ్రవరి రెండో తారీకు సాయంత్రం మేడమ్ ఫోన్లోంచి మాట్లాడావు. నేను జాగ్రత్త అని చెప్పాను. అంతే చెప్పలేదు. "రంజాన్ నెత్తిమీదికొచ్చింది. నీయి ఇంకా నాలుగు మిగిలినయ్, గుర్తుందా," అన్నాను. "ఊఁ," అన్నావు. పక్కన మేడమ్ ఉంది, నువ్వేం మాట్లాడగలవు. "ఇక్కడ చలి అమ్మీ. చానా నడిపిస్తన్నారు," అన్నావు. "చలికేంది, దాహమే వెయ్యదు, పగలు పొట్టిది. ఇంట్లో కన్నా అక్కడే సులువు. వచ్చేలోపు తీర్చెయ్. రంజాన్ వచ్చినా మిగిలిపోయినయ్ అంటే మీ పెద్దమ్మ ముందు నాకెంత తలవంపు," అన్నాను.

"సరే అమ్మీ," అన్నావు.

మూడు, నాలుగు, అయిదు. మూడోది సగంలో ఉండగా పోయావు. ఇంకా రెండు మిగిలాయి.

ప్రయాణంలో ఉన్నవాళ్ళకి రోజా లేదు, ఉపవాసం ఉండక్కర్లేదు. జ్వరం, ముసలితనం, దారి, అన్నిటికీ దేవుడు మినహాయింపు ఇచ్చాడు. నాకు తెలుసు. మా నాన్న చిన్నప్పుడే చెప్పాడు. తెలియక చెప్పానంటే నా మీద నాకు జాలైనా కలిగేది. తెలిసే చెప్పాను. హజ్రా బీ కూతుళ్ళకి ఒక్కటి కూడా మిగలదని వీధిలో పేరు. దేవుడు వదిలేసినదాన్ని నేను వదల్లేదు.

ఆరు నెలలుగా రోత రోత అంటున్నాను. యాపిల్ పళ్ళ మీద, మేడమ్ చేతిరుమాలు మీద, ముసలాయన ఎడమ చేతి మీద. అది నాదే.

ఆగస్టు 10

మీ అబ్బాకి చెప్పాను. "నాకెందుకు చెప్పలా?" అన్నాడు. ఎప్పటి సంగతి అడిగాడో, ఫిబ్రవరిదా మొన్నటిదా, తెలియలేదు. షాపులో పడుకున్నాడు.

ఆగస్టు 12

మధ్యాహ్నం ఆరోగ్యమ్మ అక్క గోడ దగ్గరికి పిలిచింది.

"ఏమే, మీ సనాకి నా కోళ్ళంటే అంత ప్రేమేందే? నిన్నా ఇయ్యాలా డబ్బాలో అన్నమంతా వాటికి పోసి బడికిపోయింది. నెయ్యన్నం మరిగి నా కోళ్ళు నూకలు ముట్టటంలా."

ఆ కోళ్ళను చూస్తూ నిలబడ్డాను. తరువాత చెప్పులు కూడా వేసుకోకుండా బడికి పరిగెత్తాను. మధ్యాహ్నం బెల్లు అయిపోయింది, సనా క్లాసులో ఉంది. బయటికి పిలిపించాను. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"అన్నం తిన్నావా?"

"తిన్నా అమ్మీ."

"తిన్నావా?" మళ్ళీ అడిగాను.

అది నేల చూసింది. "ఆపావి రెండు మిగిలినయ్ గా. నిన్నొకటి, ఇయ్యాలొకటి. సాయంత్రానికి అయిపోతయ్."

"ఎవురు చెప్పారే నీకు?"

"నోట్‌బుక్ చూశా. ఆపా సోషల్ నోట్‌బుక్ అనుకుని తీశా."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే ఉండమంటావో, వద్దంటావో తెలవలా."

చెయ్యెత్తాను. అది మొహం పక్కకి తిప్పుకోలేదు, దెబ్బ కోసం అలాగే నిలబడింది. నా చెయ్యి దించుకున్నాను. కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి దోసిలితో నీళ్ళు తాగించాను. చొక్కా ముందంతా తడిసిపోయేదాకా తాగించాను. "అయ్యో అమ్మీ, కొంచెమే ఉందిగా," అని ఏడ్చింది. బడి ఎదురు బండి దగ్గర ఇడ్లీ పెట్టించాను. నాలుగు తింది. నేను చూస్తూ కూర్చున్నాను. చట్నీ వాసన వచ్చింది. కడుపులో తిప్పింది. లేవకుండా కూర్చున్నాను.

ఆగస్టు 13

ఇవాళ హెడ్మాస్టరు గదికి వెళ్ళాను. మీ అబ్బా కూడా వచ్చాడు. మాట్లాడలేదు, కానీ వచ్చాడు. వాళ్ళ కాగితం వాళ్ళకి ఇచ్చేసి, నేను రాసుకొచ్చింది ఇచ్చాను. వంకర అక్షరాలే. నా బిడ్డ వరుస విడవలేదు, మీరు రాసింది అబద్ధం, రోహిణి మేడమ్ అక్కడ పెట్టిన సంతకమే సాక్ష్యం అని రాశాను. ఆ రోజు నా బిడ్డ రోజాలో ఉంది, ఉండమన్నది నేనే అని కూడా రాశాను.

హెడ్మాస్టరు రెండుసార్లు చదివాడు. "ఈ రెండోది తీసెయ్యమ్మా. మీ మీదికే వచ్చిద్ది."

"రానీండి సార్. నాదేగా."

"పోనీ మొదటిది కూడా..."

"అది మీది," అన్నాడు మీ అబ్బా. పొద్దుటినుంచి ఆయన నోరు విప్పింది అప్పుడే.

రోహిణి మేడమ్ వరండాలో నా చేతులు పట్టుకోబోయింది. నేను ఇవ్వలేదు. ఆమెను చూస్తే ఇంకా రోతే. నన్ను చూసుకున్నా రోతే. అది ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ కొండ మీద వంటావిడకి ఉత్తరం రాయాలి. పేరు కూడా అడగలేదు. నాకు తెలుసు అక్కా, నేనే చెప్పాను, నువ్వు నిద్రపో అని రాయాలి.

దారిలో మసీదు హజ్రత్‌ని అడిగాం. పోయినవాళ్ళ రోజాలు ఇంకొకళ్ళు ఉండక్కర్లేదట. మిగిలిన ఒక్కోదానికి ఒక్కో ఆకలిగొన్న మనిషికి అన్నం పెడితే చాలట. పెడతాను. నా చేత్తో వండి పెడతాను.

సనా, నువ్వు మళ్ళీ ఈ నోట్‌బుక్ తీస్తావని తెలిసే దీన్ని బీరువా మీద దాచలేదు. అడిగితే ఏమంటానో తెలియలేదన్నావు. ఇప్పుడు చెప్తున్నాను, రాసి మరీ చెప్తున్నాను. నేను చెప్పానని ఏదీ చేయకు. నీ ఒంట్లో బాగా లేకపోతే, నడవలేకపోతే, తల తిరిగితే, ఎవరి ముందైనా సిగ్గుపడకుండా నోరు విప్పు. మీ ఆపాకి మిగిలినవి ఏమీ లేవు, నీ మీద ఏమీ లేవు. రేపు పొద్దున పులుసన్నం, గుడ్డు వేయించి పెడతాను. కోళ్ళకి వేయకు. కూర్చుని, నిదానంగా, కడుపునిండా తిను.